కాప్స్యూలులో ఏమున్నది?

వైద్యుని చీటీ చూపి మల్కాజ్‌గిరిలోని మందుల దుకాణములో మనము డాక్సీసైక్లిన్ కొనినప్పుడు, రేకుపట్టీపై ఎఱ్ఱని నిలువుగీత యొకటి కానవచ్చును. చీటీ లేనిదే ఆ మందును వాడరాదని దాని భావము. ఆ మందులో ఏమేమి యున్నవో, అది ఏయే రూపములలో లభించునో నేడు విచారింతము.

ఈ మందుల వంశమునకు మూలము ఆరియోమైసిన్. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో పరిశోధనలకు అధిపతిగా నుండగా, బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుండి దీనిని వెలికిదీసెను. బంగారు వన్నెను బట్టి దానికా పేరు వచ్చినది. అది లోకమునకు వెల్లడియైన 1948లోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. డాక్సీసైక్లిన్ 1967లో వాడుకలోనికి వచ్చినది.

కాప్స్యూలులో అసలు మందు సాధారణముగా 100 మిల్లీగ్రాములు. తక్కినది తోడు సరకు. పరిమాణము కూర్చుటకు పిండిపదార్థమో, సెల్యులోజో చేర్చుదురు. పొడి యంత్రములకు అంటుకొనకుండుటకు మెగ్నీషియం స్టియరేటు కలుపుదురు. పైపెంకు సామాన్యముగా జంతువుల ఎముకల నుండియు, చర్మము నుండియు తీసిన జెలటిను. కొన్ని రకములలో లాక్టిక్ ఆమ్లమును పుట్టించు మేలైన సూక్ష్మజీవులను గూడ కలుపుచున్నారు. కావున శాకాహారులును, ఏదైన పదార్థము పడనివారును ఆ సంగతి వైద్యునకు ముందే తెలుపుట మంచిది.

ఇదే మందు మాత్రగాను, పానకముగాను, సిరలోనికి ఎక్కించు ఇంజెక్షనుగాను ఉన్నది. నీట సులభముగా కరగు హైక్లేటు లవణము కాప్స్యూళ్లకును, ఇంజెక్షనుకును తగినది. అంతగా కరగని మోనోహైడ్రేటు మాత్రలలోను, పానకములోను వాడబడును. రూపము మారినచో మోతాదును వాడు తీరును మారవచ్చును. ఒకదానికి బదులు మఱియొకటి మన యిష్టము వచ్చినట్లు పుచ్చుకొనరాదు.

కాప్స్యూలును గ్లాసెడు నీటితో, కూర్చుండియో నిలుచుండియో మ్రింగవలయును. వెంటనే పండుకొనినచో అది అన్నవాహికలో నిలిచి పుండు చేయవచ్చును. ఇనుము గల బలము మాత్రలును, కడుపుమంట మందులును దీని శక్తిని హరించును. కావున వానిని వేఱు వేళలలో వాడవలయును. గర్భిణులకును, ఎనిమిదేండ్లలోపు పిల్లలకును ఇచ్చుట వైద్యుడే నిర్ణయింపవలయును. ఈ వంశపు మందులు పిల్లల దంతములకు మరకలు తెచ్చునని వైద్యులు ఎఱుగుదురు.

మిగిలిన కాప్స్యూళ్లను మరల జ్వరము వచ్చునప్పటికని బీరువాలో దాచుట మనలో పలువురకు అలవాటు. జలుబునకు కారణమైన వైరస్‌పై ఇది పనిచేయదు. కాలము చెల్లిన టెట్రాసైక్లిన్ మూత్రపిండములను చెఱచినట్లు 1963లోనే వైద్యులు ప్రకటించిరి. అంతకుమించిన కీడు వేఱొకటి గలదు. అక్కఱ లేనిచోట వాడిన కొలది సూక్ష్మజీవులు మందునకు లొంగకుండ నేర్చును. అప్పుడు నిజముగా అవసరమైన రోగికి అదే మందు వ్యర్థమగును. ఎఱ్ఱగీతను పాటించుట మన యింటికే గాక పొరుగింటికిని రక్షణమని గ్రహింతుము గాక.