తిరుగు ప్రయాణంలో మూటగట్టుకొనేది



గంజాం గడ్డపై ఒక తెలుగు పాఠశాల డెబ్బయి ఐదేళ్లు నిండించుకొన్న ఈ వేళ, ఇదే గడ్డను విడిచి సముద్రం దాటినవారి సంతతిని తలచుకోవడం సముచితం. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నాటి నుండి 1911 వరకు ఐదేళ్ల ఒడంబడికపై నేటాల్‌కు చేరిన భారతీయులు 1,52,184 మంది. వారిలో అధిక సంఖ్యాకులు చెరకు తోటల పాలైనారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. గడువు తీరిన పిదప పలువురు అక్కడనే స్థిరపడినారు.

వర్ణవివక్షకు నిరసనగా 1946లో భారతదేశం ఆ దేశంతో వాణిజ్యాన్ని నిలిపివేసింది. దౌత్య సంబంధాలు తిరిగి నెలకొన్నది 1993లో. అటు తరువాత మునిమనుమలు, మునిమనుమరాండ్రు తమ పూర్వుల ఊళ్లు వెదుక్కొంటూ రావడం సులభమైనది. కొందరు ఒంటరిగానే వస్తారు. వారి చేతిలో ఉండేది ఓడ పట్టిక నకలు ఒక్కటే. అందులో కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిపై పుట్టుమచ్చల గుర్తులు ఉంటాయి.

ఆ పట్టికలో సాధారణంగా లేనిది ఇంటిపేరు. గుమాస్తా చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాసుకొన్న పేరే తరువాతి తరాలకు వంశనామమైనది. ఒక అప్పలస్వామి పేరు నలుగురైదుగురు అన్నదమ్ముల కుటుంబాలకు ఇంటిపేరుగా మారిపోయినది. జిల్లా పేరు సైతం దారి తప్పిస్తుంది. 'గంజాం' అని ఉన్నంత మాత్రాన ఆ ఊరు నేటి ఒడిశాలో ఉన్నదని చెప్పలేము. నాటి గంజాం జిల్లాలో శ్రీకాకుళం కూడా భాగమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు జిల్లా రెండుగా చీలినది. దక్షిణ భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరినది.

కాబట్టి వచ్చినవారిలో తాతగారి ఇంటి గడప తొక్కగలిగేవారు కొద్దిమందే. ఊరి చెరువు, గ్రామదేవత గుడి చూచి, గుప్పెడు మన్ను తీసుకొని మరలిపోతారు. ఇంటికి చేరగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "మనవాళ్లు కనబడినారా?" అన్నదే. దానికి సమాధానం కష్టమే. అయితే ముత్తవ్వ నోట విన్న ఒకటి రెండు మాటలు ఇక్కడి సంతలో, బస్సులో మరల చెవిన బడినాయని మాత్రం వారు చెప్పగలరు. అంతదూరం వచ్చి వారు తీసుకొని వెళ్లగలిగిన ఆస్తి ఆ మాటలే.

అక్కడివారు భాషను ఉపేక్షించినారని అనుకోరాదు. 1931లోనే దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ వెలసినది. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగం గౌరవించదగిన భాషలలో తెలుగును పేర్కొన్నది. అయినను అక్కడి తెలుగు ఇండ్లలో నేడు ఎక్కువగా వినిపించేది ఇంగ్లీషే. పెద్దలు పిల్లలతో మాట్లాడడం మానిన భాషను శాసనం బ్రతికించలేదు.

ఇక్కడి తెలుగువారు ఓడలెక్కలేదు. వారు ఉన్నచోటనే ఉండగా రాష్ట్రపు ఎల్లలు మారినాయి. బిడ్డలు ఒడియా నేర్వవలసినదే, ఇంగ్లీషు నేర్వవలసినదే. అందుకు తెలుగు వదలుకోనక్కరలేదు. పాఠశాల చేయగలిగినది పాఠశాల చేస్తున్నది, మిగిలినది ఇంటి పని.

ఈ ఉత్సవం సందర్భంగా ప్రతి కుటుంబం ఒక కాగితంపై తన ఇంటిపేరు, పూర్వుల ఊరు, ఈ ఊరికి వచ్చిన కారణం తెలుగులో వ్రాసి పాఠశాలకు అందజేయడం మేలు. ఇంట్లోని వృద్ధులను అడిగి వ్రాసే పని పిల్లలకే అప్పగించాలి. తొలినాటి ప్రవేశ రిజిస్టర్లకు చెదలు పట్టకమునుపే నకళ్లు తీయించాలి. రేపు ఈ బడి బిడ్డలలో ఎవరి మనుమరాలైనా దూరదేశం నుండి ఒంటరిగా వచ్చి ఈ గుమ్మంలో నిలిచితే, ఆమె పేరును సరిగా పలికే నోరు, ఆమె ఇంటిపేరు చూపే పుట ఇక్కడ ఉండాలి.