‘ఆఫ్‌లైన్’ అంటే చెడిపోయినట్టు కాదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, పెన్షను ఒకరి దయాధర్మం కాదు మన హక్కు అన్న సంగతి గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను చెప్పబోయేది చాలా చిన్న విషయం. ఇంట్లో ఉండే ప్రింటరు గురించి. “అదేం విషయమండీ” అని మన కార్యదర్శిగారే నవ్వారు. కాని ఆ చిన్న విషయం దగ్గరే నా బ్యాంకు సొమ్ము పోవలసినంత పనయింది. అందుకే అధ్యక్షులవారిని పది నిమిషాలు అడిగి తీసుకున్నాను.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. కార్బను పెట్టి నాలుగు కాపీలు టైపు కొట్టినవాణ్ణి. స్టెన్సిలు కోసి, సైక్లోస్టైలు తీసి, చేతులనిండా సిరా పూసుకున్నవాణ్ణి. టైపు మిషను రిబ్బను చిక్కుపడితే మనమే విప్పి సరిచేసుకునేవాళ్ళం. అటువంటి నేను, మా అమ్మాయి కొనిపెట్టిన చిన్న ప్రింటరు ముందు ఒక ఉదయమంతా చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

మా ఇంటావిడకు మోకాలి ఆపరేషను అయింది. మెడికల్ రీయింబర్స్‌మెంటు కాగితాలు దాఖలు చేయడానికి గడువు ఇంక ఐదు రోజులుంది. దరఖాస్తు, బిల్లుల పట్టిక కంప్యూటరులో సిద్ధం చేసుకుని ‘ప్రింట్’ నొక్కాను. కాగితం రాలేదు. తెర మీద ‘ఆఫ్‌లైన్’ అని పడింది. ప్రింటరు చూస్తే దీపం వెలుగుతూనే ఉంది, కాగితం ఉంది, సిరా ఉంది. మళ్ళీ నొక్కాను. అలా ఏడుసార్లు నొక్కాను.

“నెట్ సెంటరుకు పోవచ్చు కదా” అని మీరనవచ్చు. ఆ కాగితాలలో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఆవిడ ఆరోగ్య వివరాలు అన్నీ ఉన్నాయి. ఒకసారి నేను పునుగులు కొంటే పొట్లం కట్టిన కాగితం ఎవరిదో ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ. పేరు, వయస్సు, జబ్బు అన్నీ అందులో ఉన్నాయి. అప్పటినుంచీ మా కాగితాలు మా ఇంట్లోనే అచ్చు తీసుకోవాలని నియమం పెట్టుకున్నాను.

అప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. సెల్ ఫోనులో ప్రింటరు కంపెనీ పేరు కొట్టి ‘కస్టమర్ కేర్’ అని వెతికాను. మొట్టమొదట కనిపించిన నంబరుకు ఫోను చేశాను. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ప్రింటరుకు సంబంధించిన గడువేదో తీరిపోయిందన్నాడు. తాను నా కంప్యూటరు తెర చూడడానికి ఒక ప్రోగ్రాము ఎక్కించమన్నాడు. ఎక్కించాను. తెర మీద వచ్చిన అంకెలు చదవమన్నాడు. చదివాను. తరువాత, “రిజిస్ట్రేషను ఫీజు పది రూపాయలే సార్, మీ బ్యాంకు ఖాతా తెరిచి కట్టండి” అన్నాడు.

పది రూపాయలే కదా అని బ్యాంకు పేజీ తెరవబోతున్నాను. పక్కన కుర్చీలో కాలు చాపుకుని బియ్యం ఏరుకుంటున్న మా ఇంటావిడ తలెత్తి, “ఏమండీ, ప్రింటరు బాగుచేసేవాడికి మన బ్యాంకుతో పనేమిటి?” అంది.

ముప్పయ్యారేళ్ళు ప్రతి కాగితాన్నీ వెనకా ముందూ చూసి సంతకానికి పెట్టినవాణ్ణి. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. వెంటనే ఫోను పెట్టేశాను. ఇంటర్నెట్ ఆపేశాను. వాడు ఎక్కించిన ప్రోగ్రాము తీసేశాను. బ్యాంకుకు వెళ్ళి విషయం చెప్పి పాస్‌వర్డు మార్పించుకున్నాను. రూపాయి పోలేదు. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, హైదరాబాదులో ఉన్న మనవడికి ఫోను చేశాను. వాడు ఒకటే మాట అన్నాడు. “తాతయ్యా, ఆఫ్‌లైన్ అంటే ప్రింటరు చెడిపోయిందని కాదు. కంప్యూటరు పంపిన ఉత్తరం ప్రింటరుకు అందడం లేదని.”

ఆ మాటతో నాకు దారి దొరికింది. తపాలు చేరకపోతే ఏం చేయాలో మనకు ఒకరు చెప్పాలా? డిస్పాచ్ రిజిస్టరు దగ్గరనుంచి వరుసగా చూసుకుంటూ పోవడమే.

రౌటరు అనే వైఫై పెట్టె మన తపాలా ఆఫీసు వంటిది. ఇంట్లో కంప్యూటరుకు, ప్రింటరుకు, సెల్ ఫోనుకు అదే తలా ఒక అంకెల చిరునామా ఇస్తుంది. దానినే ‘ఐపీ అడ్రస్’ అంటారు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కొక్కసారి ఈ చిరునామాలు మారిపోతాయి. మా ఇంట్లో జరిగింది అదే. అంతకు ముందు రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటరులో ప్రింటరు చిరునామా చివర 5 అని ఉంది. ప్రింటరు తన వివరాల కాగితం తానే అచ్చు వేసి ఇచ్చింది. అందులో చివర 8 అని ఉంది. చిరునామాదారు బదిలీ అయిపోయాడు, మనం పాత సీటుకే తపాలు పంపుతున్నామన్న మాట!

కంప్యూటరులో పాత ప్రింటరు పేరు తీసివేసి మళ్ళీ కొత్తగా చేర్చుకున్నాను. కాగితం బయటకు వచ్చింది. ఒక ప్రతి వచ్చిందనుకున్నారా? ముందురోజు నేను ఏడుసార్లు నొక్కిన పనులు రద్దు చేసినా, ఎక్కడో మిగిలినవి కూడా వరుసగా వచ్చాయి. కాగితాలు వృథా అయ్యాయి గాని, క్లెయిము గడువులోపలే దాఖలయింది.

మీకు ఈ ఇబ్బంది వస్తే ఈ వరుసలో చూసుకోవలసినదిగా మనవి:

1. కాగితం, సిరా, కరెంటు ముందు చూడండి. తీగతో కలిపే ప్రింటరయితే ఆ యు.ఎస్.బి. తీగ తీసి కంప్యూటరుకున్న వేరొక రంధ్రంలో పెట్టండి.

2. ఆగిపోయిన పనులన్నీ రద్దు చేయండి. ఊరికే ‘ప్రింట్’ నొక్కవద్దు.

3. అన్నీ ఆపండి. మొదట రౌటరు వేసి రెండు మూడు నిమిషాలాగండి. తరువాత ప్రింటరు, చివరకు కంప్యూటరు వేయండి. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది.

4. ప్రింటరు, కంప్యూటరు మీ ఇంటి రౌటరు వైఫైలోనే ఉన్నాయా చూడండి. రౌటరు కొత్తది పెట్టినా, వైఫై పాస్‌వర్డు మార్చినా ప్రింటరుకు ఆ సంగతి తెలియదు. దానికి మళ్ళీ చెప్పాలి. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి.

5. కంప్యూటరు సెట్టింగ్స్‌లో ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’ తెరవండి. ఒకే ప్రింటరు పేరు రెండుసార్లు, రెండోదాని పక్కన ‘కాపీ 1’ అని ఉంటే మీరు పాతదానికి పంపుతున్నారేమో చూసుకోండి. కొన్ని కంప్యూటర్లలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ అన్నచోట టిక్కు పడి ఉంటుంది. అది తీసేయాలి.

6. ప్రింటరు చేత నెట్‌వర్క్ వివరాల కాగితం తీయించండి. ఏ బటను నొక్కాలో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఐపీ అడ్రస్ 169.254 అని మొదలయితే రౌటరు దానికి చిరునామా ఇవ్వనే లేదని అర్థం. మూడు, నాలుగు అంశాలు మళ్ళీ చూడండి. చిరునామా సరిగా ఉండి కంప్యూటరులో వేరుగా ఉంటే, ప్రింటరును తీసివేసి మళ్ళీ చేర్చండి.

7. పని అయ్యాక, ప్రింటరుకు ఎప్పుడూ అదే చిరునామా ఉండేటట్లు రౌటరులో రిజర్వు చేయించండి. ఇది తెలిసిన పిల్లల చేత చేయించుకోవడం మేలు. మా మనవడు సెలవులకు వచ్చినప్పుడు చేసిపెట్టాడు. ఆ తరువాత ఎన్నిసార్లు కరెంటు పోయినా ఈ బాధ లేదు.

ఎనిమిదవది అన్నిటికంటె ముఖ్యం. కంపెనీవారి నంబరు ప్రింటరుతో వచ్చిన పుస్తకంలోనో, పెట్టె మీదో చూసి చేయండి. వెతికితే పైన కనిపించిన నంబరును నమ్మవద్దు. మీరు ఫోను చేసినవాడు బ్యాంకు ఖాతా తెరవమన్నా, ఓ.టి.పి. అడిగినా వెంటనే పెట్టేయండి. పొరపాటున సొమ్ము పోతే సిగ్గుపడి దాచుకోక, ఆలస్యం చేయక 1930కి ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయండి.

మిత్రులారా, ఈ సంగతి సభలో చెప్పడానికి మొదట మనసొప్పలేదు. ఇంతకాలం ఆఫీసులో పనిచేసినవాడు ఇలా మోసపోబోయాడని నవ్వుతారనుకున్నాను. “మీరు చెప్పకపోతే ఇంకొకరి ఇంట్లో ఆ ఫోను మోగుతుంది” అని మా ఇంటావిడే నన్ను పంపింది. ఆవిడ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. అదిగో, రెండవ వరుసలో కూర్చుని ఉంది. మీరు చప్పట్లు కొట్టదలిస్తే అటు తిరిగి కొట్టండి.