మాల్టా దీవికి ప్రయాణ సన్నాహము



మధ్యధరా సముద్రమున మాల్టా యను చిన్న దీవి యొకటి కలదు. వచ్చు వేసవిలో నేనును నా భార్యయు, నల్లగొండ జిల్లాలోని మా గ్రామమునుండి మా అన్నగారును వదినెగారును, నలుగురమును గలసి అచ్చట పది దినములు గడపి రావలెనని తలంచియున్నాము. ఆ సన్నాహమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. వినోదమునకై పట్టణవాసులు చేయు ప్రయాణముతో గ్రామవృద్ధులకు పనియేమని మీకు తోపవచ్చును. నా మట్టుకు నాకు, ఆ దీవికి మా పేటలోని యువకులకంటె మా అన్నగారే తగిన యతిథియని గట్టి నమ్మకము.

నా నివాసము హైదరాబాదున శ్రీనగర్ కాలనీ. జూబ్లీ హిల్సు, ఫిలింనగరు మాకు ఇరుగుపొరుగులు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియో మాకు కూతవేటు దూరము. చిత్రనిర్మాతల కార్యాలయములు మా వీథులలో పెక్కు గలవు. ఏ పాటకు ఏ దేశము పోవలెనను చర్చ, మీ యూళ్ళలో ఏ చేనికి ఏ విత్తనమను చర్చవలెనే, మా టీ అంగళ్ళవద్ద నిత్యము వినవచ్చుచుండును. మాల్టాయు వారికి క్రొత్త కాదు. అచ్చట కల్కారా యనుచోట సముద్రపుటొడ్డున పెద్ద నీటితొట్టి కట్టినారు. దానిలో ఓడను నిలిపి చిత్రము తీసినచో, తొట్టినీరు వెనుకనున్న కడలితో కలిసిపోయి, ఓడ నడిసముద్రమున నున్నట్లే కానవచ్చును. 2018లో వచ్చిన 'థగ్స్ ఆఫ్ హిందోస్తాన్' అను హిందీ చిత్రమునకు ఆ దీవిలోనే ఓడల దృశ్యములు తీసిరి.

మా ప్రక్కయింటివారు అట్టి చిత్రములకు విదేశములలో ఏర్పాట్లు చూచెడి అనుభవశాలి. సలహా యడుగగా ఆయన చెప్పినది ఒక్కటే మాట: ముందు ఋతువు చూచుకొనుడు, పిదప వంట చూచుకొనుడు, చూడవలసిన చోట్ల సంగతి ఆ తరువాత. నా సన్నాహమంతయు ఆ వరుసనే నడచుచున్నది.

అన్నగారి వయస్సు డెబ్బదినాలుగు. ప్రయాణపు మాట యెత్తగానే ఆయన, "తమ్మీ, సముద్రం నడుమ రాళ్ళగుట్ట జూడనీకి గన్ని పైసలా?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. మాల్టా రాజ్యమనగా మాల్టా, గోజో, కొమీనో యను మూడు దీవులు. మూడింటికిని కలిపి విస్తీర్ణము 316 చదరపు కిలోమీటర్లు. పెద్దదియగు మాల్టా దీవి 246 చదరపు కిలోమీటర్లే కావున, నిండుగా నున్నప్పటి మన నాగార్జునసాగరు జలాశయమున అది మునిగిపోయి యింకను చోటు మిగులును. అంత చోటులో 2021 జనాభా లెక్కల ప్రకారము అయిదు లక్షల పందొమ్మిది వేలకు పైగా జనులున్నారు. వీరికి తోడు 2024లో ఆ దీవులు చూడవచ్చినవారు ముప్పదియైదు లక్షలకు మించిరి.

ఇక నీటి సంగతి. ఆ దేశమున నది యొక్కటియు లేదు, చెరువు చెప్పుకొనదగినది లేదు. ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన నల్లగొండ వానకంటె తక్కువ. అదియు మనకు వానలు వెనుదిరిగిన పిమ్మట, చలికాలమున కురియును. వేసవి నాలుగు నెలలును ఆకాశము దాదాపు బోసిగా నుండును. 1565లో తురకల మహాముట్టడికి తట్టుకొని నిలిచిన పిదప, 1566లో వల్లెట్టా నగరమునకు పునాది వేసినప్పుడు, ఇల్లు కట్టు ప్రతివాడును ఇంటిక్రింద రాతిని తొలిచి వాననీటి తొట్టి చేసికొనవలెనని నియమము పెట్టిరి. 1615లో కొండమీది ఊటలనుండి రాతికాలువ త్రవ్వి నగరమునకు నీరు తెచ్చిరి. నేడు త్రాగునీటిలో సగమునకు పైగా సముద్రజలమునుండి ఉప్పు తీసి తయారుచేయుచున్నారు.

మట్టియు అంతే. రాతిమీద పలుచని పొరగా నున్న మన్ను కొట్టుకొనిపోకుండ, మెట్టమెట్టకును సున్నము లేని రాతికట్టలు పేర్చి పొలములు చేసికొనిరి. ఇల్లు కట్టునప్పుడు సారవంతమైన మట్టిని పూడ్చిపెట్టరాదనియు, ఎత్తి మరియొక పొలమునకు చేర్చవలెననియు 1973లో శాసనము చేసిరి. ఈ సంగతి ఫోనులో చెప్పగా అన్నగారు కొంతసేపు మాటాడలేదు. చెరువుమట్టి బండ్లతో తోలి ముప్పది యేండ్లు చెలక బాగుచేసిన మనిషి ఆయన. "ఎప్పుడు పోదామంటవు?" అని తరువాత అడిగెను.

ఎప్పుడన్నది మా చేతిలో కంటె కార్తెల చేతిలో నున్నది. యాసంగి వరి కోసి, ధాన్యము అమ్ముడుపోవువరకు ఆయన కదలరు. జూన్ మొదటి వారము దాటినచో మృగశిర వచ్చును, పత్తిగింజ పెట్టవలెను, ఆయన నిలువరు. జూలై ఆగస్టులలో ఆ దీవి ఎండకు మండును, జనసమ్మర్దమును అప్పుడే. జనవరి ఫిబ్రవరులలో గాలివానలకు నడుమ సముద్రమును దాటు పడవలు ఒక్కొకప్పుడు నిలిచిపోవును. కావున మేనెల రెండవ సగము మాకును ఆ దీవికిని కుదిరినది. మరియు ఆ నెలలోనే అచ్చటి గ్రామములలో 'ఫెస్తా' యను జాతరలు మొదలగును. ప్రతి గ్రామమునకును ఒక పునీతుడు, ఆయన పేర ఒక జాతర, బ్యాండు మేళము, బాణసంచా. ఏ యూరి బాణసంచా గొప్పదను పంతము వారికిని మనకువలెనే కలదు.

కాగితముల సంగతి విసుగైనను చెప్పక తీరదు. మాల్టా 2007లో షెంగెన్ కూటమిలో చేరినది గనుక ఆ వీసాయే కావలెను. ప్రయాణమునకు ఆరు నెలలకంటె ముందుగ గాని, పదునైదు దినములకంటె ఆలస్యముగ గాని దరఖాస్తు పెట్టరాదు. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. యూరో ఒకటికి నూరు రూపాయల చొప్పున నేను లెక్క వేసికొనుచున్నాను. పాసుపోర్టు గడువు తిరిగివచ్చు దినముపైన మూడు నెలలైనను మిగిలియుండవలెను.

వ్రేలిముద్రలు ఇచ్చుటకు ఎవరికి వారు స్వయముగ పోవలెను. ఇందే నాకు గుబులు. నాగలి, పార పట్టిన చేతులకు గీతలు అరిగిపోవుట మీకందరకు ఎరుకయే. బియ్యపు దుకాణమున యంత్రము ఆయన వ్రేలిని గుర్తింపక నాలుగుమార్లు త్రిప్పి పంపినది. ముద్రలు ఇచ్చుట శరీరరీత్యా సాధ్యముకానివారికి మినహాయింపు కలదని ఆ వీసా నిబంధనలలోనే యున్నది. అయినను అరగంట పనికి ఒక పూట యంతయు కేటాయించి, ముందు రాత్రి ఆయన చేతులకు కొబ్బరినూనె రాయింపవలెనని నా భార్య తీర్మానించినది.

రెండవది బీమా. 30,000 యూరోలకు తక్కువ కాని బీమాపత్రము లేనిదే వీసా ఈయరు. దానిలో వైద్యము, ఆసుపత్రి ఖర్చు మాత్రమే కాదు, అచ్చట ప్రాణము పోయినచో దేహమును ఇల్లు చేర్చు వ్యయమును చేరియుండవలెను. ఈ మాట అన్నగారికి ఎట్లు చెప్పుదునా యని నేను వెనుకాడుచుండగా, ముందుగ దానినే ఆయన యడిగెను. మన వల్లకాటికి తెచ్చుదురా, లేదా? తెచ్చుదురని కాగితమున వ్రాసియున్న పంక్తిని చదివి వినిపించితిని. వదినెగారు ప్రయాణమునకు ఒప్పుకొన్నది ఆ పంక్తి విన్న తరువాతనే.

వంట విషయమున ఆమెదే పెత్తనము. హోటలు వద్దనుకొని గోజో దీవిలో వంటగది గల యిల్లు ఒకటి అద్దెకు చూచితిమి. ఇచ్చటినుండి ఏమి తీసికొనిపోవచ్చునను దానిని మాత్రము శ్రద్ధతో తెలిసికొనవలసివచ్చినది. యూరపు కూటమి దేశములలోనికి బయటినుండి మాంసముగాని, పాలపదార్థములుగాని ప్రయాణికులు తేరాదు. కనుక ఇంటి నెయ్యి, పాలకోవ పనికిరావు. తాజా పండ్లకును కూరలకును తెగుళ్ళు లేవను ధ్రువపత్రము కావలెను గనుక మామిడిపండ్లును కరివేపాకును ఇక్కడనే విడువవలెను. చిత్రమేమనగా అరటిపండు, కొబ్బరికాయ, ఖర్జూరము, అనాస, దురియను అను అయిదింటికి ఆ పత్రము అక్కరలేదు. ఊరగాయకు, కారప్పొడికి అడ్డు లేదు. అచ్చటి గొఱ్ఱెపాల జున్నుగడ్డలు, టమాటాలు, మంచి రొట్టె దొరకును. కుందేటి మాంసము వారి ముఖ్యమైన విందు. మేము శాకాహారులము గనుక అడిగి తినవలెను. పిండివంటలలో కొవ్వు కలిపెడి అలవాటు కొన్నిచోట్ల కలదు.

అన్నగారికి మోకాళ్ళ నొప్పి. కావున దినమునకు ఒక చోటు, మధ్యాహ్నము నిద్ర, ఇదియే పద్ధతి. వల్లెట్టాలో ఓడరేవునుండి పైకోటకు ఎక్కించు లిఫ్టు కలదు. పైన మిట్టమధ్యాహ్నము ప్రతిదినము ఫిరంగి ప్రేల్చుదురు. మర్సష్‌లోక్ రేవున చేపల పడవల ముందుభాగమున ఇరుప్రక్కల కన్నులు చిత్రించి యుండును. దృష్టిదోషమునకు మన బండ్లవారు చేయు ఉపాయములు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. హల్ సఫ్లియేని భూగర్భసమాధి 1902లో నీటితొట్టికై రాయి తొలుచు కూలీలకు బయటపడినది. లోపలి గాలి చెడకుండుటకై గంటకు పదిమంది చొప్పున దినమునకు ఎనుబదిమందినే పోనిత్తురు. నెలల ముందుగ టికెట్టు కొనవలెను. మెట్లున్నవి గనుక దానికి నేనొక్కడనే పోవుదును. గోజోలోని జగంతీయా యను రాతిగుడులకు మాత్రము అందరమును పోవుదుము. అవి సుమారు 5,600 ఏండ్ల నాటివి. ఒక రాక్షసస్త్రీ బిడ్డను భుజమున వేసికొని ఆ రాళ్ళు మోసి కట్టినదని అచ్చటి జనుల కథ. పేరులోనే రాక్షసత్వము కలదు. మన పొలములలోని పాతకాలపు సమాధిరాళ్ళను రాక్షసగుళ్ళని మనము పిలుచుట లేదా?

గోజోకు దాటు పెద్ద పడవ ప్రయాణము ఇరువదియైదు నిమిషములు. పోవునప్పుడు డబ్బడుగరు, తిరిగి వచ్చునప్పుడే పుచ్చుకొందురు. కొమీనో ప్రక్కన నీలపు నీటి చిన్న అఖాతము జగత్ప్రసిద్ధము. కాని జనము మితిమీరి తొక్కిపాడుచేయుటచే 2025నుండి ముందుగ పేరు నమోదు చేసికొన్నవారినే దిగనిచ్చుచున్నారు. పాటలు తీయువారికి అది ముఖ్యము; మేము దానిని విడిచిపుచ్చితిమి. గోజోలోని ప్రసిద్ధమైన రాతివాకిలి 2017 మార్చి 8న గాలివానకు సముద్రమున కూలిపోయినది గనుక, పాత చిత్రములు చూచి దానికై పోరాదు.

భాష భయపెట్టదు. ఇంగ్లీషు వారి రాజభాషలలో నొకటి. వారి సొంతభాష అరబ్బీకి చుట్టము, వ్రాయుట మాత్రము రోమను లిపి. పుస్తకమును 'క్తీబ్' అనియు, లోకమును 'దిన్యా' అనియు అందురు. కితాబు, దునియా అని పుట్టినది మొదలు వినుచున్న తెలంగాణ రైతుకు ఆ మాటలు పరాయివి కావు.

మనవారు ఆ దీవిని చూచుటయు ఇది మొదలు కాదు. 1878లో రష్యాతో యుద్ధము వచ్చునేమోయని బ్రిటిషు ప్రభుత్వము హిందూదేశమునుండి సుమారు 7,000 మంది సైనికులను మాల్టాకు పంపినది. వారిలో మద్రాసు సైన్యమునకు చెందినవారును గలరు. కొన్ని వారములు అచ్చట గుడారములలో నుండి, ఆ వేసవిలోనే సైప్రసు దీవికి తరలిరి. వారు వెళ్ళినది ఆజ్ఞమీద. వారు ఏమి తినిరో, ఏమి త్రాగిరో అడిగినవారు తక్కువ. నేడు నర్సులుగా, డ్రైవర్లుగా, కూలీలుగా పోయిన భారతీయులు, 2021 లెక్కలలో అచ్చటి విదేశీయులలో ఇటలీవారికిని బ్రిటనువారికిని తరువాతి స్థానమున నున్నారు. మన భాష వినబడినచో ఒక పూట భోజనమునకు పిలువవలెనని వదినెగారు ఇప్పుడే ఊరగాయ ఒక సేరు ఎక్కువగ పెట్టుచున్నారు.

హైదరాబాదునుండి నేరుగ విమానము లేదు. నడుమ ఒకచోట మారవలెను. మార్పునకు నాలుగు గంటలైనను వ్యవధి యుండునట్లును, చక్రముల కుర్చీ ముందే కోరునట్లును టికెట్లు చూచుచున్నాను. అన్నగారు తనకై అడిగినది ఒక్కటే. అచ్చటి రైతులు వసంతపు బంగాళాదుంప త్రవ్వి హాలండు దేశమునకు ఎగుమతి చేయుదురని నేను చెప్పియుంటిని. ఆ త్రవ్వకము ముగియకముందే చేరవలెనట. అందుచేత బయలుదేరు దినమును నాలుగు దినములు ముందునకు జరిపితిని. వరికోత యంత్రము ఆ లోపున దొరకునట్లు ఊరిలో మాటాడవలసి యున్నది.