ఇంటిలోని గాలికి కొలత



వేడికి వట్టివేళ్ల తడిక, చలికి కుంపటి: ఇవి మన పెద్దలెరిగిన సాధనములు. ఈనాడు ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్లలో కూలరును, ఏ.సి. యంత్రమును చోటు చేసికొన్నవి. సాధనము మారినను అన్నిటికిని ప్రాణము గాలియే. యంత్రము వెల నడుగువారు పెక్కుమంది. అది ఎంత గాలిని కదల్చుచున్నదని అడుగువారు అరుదు.

రైల్వేవారికి ఈ సంగతి క్రొత్త గాదు. 1934లో ఫ్రాంటియర్ మెయిలు పెట్టెలను ఐసు దిమ్మలతో చల్లబరచిరి. ఐసు ఎంత యున్నను, దానిమీదుగా గాలిని త్రోయు పంకా ఆగినచో ప్రయాణికునకు ఉక్కయే మిగులును. ఇంటి యంత్రమును అట్టిదే.

ముందుగా కూలరు మాట. కిటికీలన్నియు మూసి కూలరు నడుపుట పెక్కిండ్ల ఆచారము. లోనికి వచ్చినంత గాలి వెలుపలికి పోవలెను. పోనిచో తేమ పెరిగి, చెమట యారక, మంచముమీది వృద్ధులును పసిపిల్లలును అలమటింతురు. ఎదుటి కిటికీ కొంత తెరచి, దానికడ వెలిగించిన అగరువత్తి నుంచుడు. పొగ వెలుపలికి సాగిన మార్గము సరియైనది; అచ్చటనే సుడి తిరిగిన మార్గము చాలదు. అయినను, బంగాళాఖాతపు తేమగాలి వీచు దినములలో కూలరు నీటిని ఆపి పంకాను మాత్రమే నడుపుట మేలు. పొడిగాలి లేనిదే వట్టివేళ్ల తడికకును శక్తి లేదు.

ఏ.సి.కి అగరువత్తి చాలదు, అంకె కావలెను. గాలివేగమును కొలుచు అనిమోమీటరును 1846లో రాబిన్‌సన్ నాలుగు గిన్నెలతో నిర్మించెను. అది ఆరుబయటి గాలికి. ఇంటి జాలీకి చిన్న రెక్కల చక్రము గలది తగును. జాలీ నడుమ నొక్కచోట చూచి తృప్తిపడరాదు. మూలలతో సహా ఆరేడు చోట్ల చూచి సగటు కట్టి, గాలి వెడలు వైశాల్యముచే గుణింపవలెను. వైశాల్యము ఒక చదరపుటడుగు, సగటు వేగము నిమిషమునకు 300 అడుగులు అనుకొనుడు: గాలి నిమిషమునకు 300 ఘనపుటడుగులు. ఒక టన్ను యంత్రమునకు సుమారు 400 కావలెను. అనగా నాలుగవ వంతు కొరత.

ఇచ్చటనే పలువురు మోసపోవుదురు. జాలీ యెదుట చేయి పెట్టి, మంచువలె నున్నదని సంతసింతురు. గది మాత్రము చల్లబడదు. ధూళి నిండిన వడపోత వలన గాలి తగ్గినపుడు, ఆ కొద్ది గాలియే మిక్కిలి చల్లనగును; తుదకు గొట్టములమీద మంచు పేరును. లోనికి పోవు గాలికిని వెలువడు గాలికిని ఉష్ణములో తేడా సాధారణముగా 8 మొదలు 12 డిగ్రీల సెల్సియసు. తేడా పెరిగి గాలి తగ్గిన, దోషము వడపోతయందో పంకాయందో వెదకవలెను. గాలి సరిగానుండి తేడా తగ్గిన, అపుడు గ్యాసును అనుమానింపవచ్చును. అయినను తేమ యెక్కువైన దినమున ఆ తేడా సహజముగనే తగ్గును. ఇది తెలియక వడపోత కడుగుటకు బదులు గ్యాసు నింపించి జీతపు డబ్బు పోగొట్టుకొనువారు కలరు.

చలికాలపు మాట ఇంతకంటె గట్టిది. పాత క్వార్టర్ల గోడలలో పైకప్పు దాపున గల వెంటిలేటర్లు వేడిగాలి పోవుటకై పెట్టినవి. ఏ.సి. కొరకు వానిని అట్టలతో మూసి, పిదప మరతురు. పుష్యమాసపు చలిలో ఆ గదిలోనే కుంపటి పెట్టి తలుపు బిగించి నిద్రింతురు. పొగ లేని ఎర్రని నిప్పు భయము లేనిదని తలంతురు గాని, కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తమునందలి హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. దీనిని అగరువత్తియు చూపదు, అనిమోమీటరును చూపదు. తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి కలిగినచో వెంటనే రోగిని ఆరుబయటికి తెచ్చి వైద్యుని పిలువవలెను. నిద్రించు గదిలో కుంపటి పెట్టనే రాదు. వెంటిలేటరు మూసిన స్నానపుగదిలోని గ్యాసు గీజరునకును ఇదే నియమము. ఏ.సి. నడుపు నెలలు గడచిన వెంటనే నిచ్చెన వేసి ఆ అట్టలను తీసివేయుడు.