గృహఋణము: అప్పిచ్చు సంస్థ నెన్నుకొనుట



క్రొత్తగా నిల్లు కొనఁబోవు పిల్లలు నన్నడుగునది యొక్కటే: "ఎక్కడ వడ్డీ తక్కువ, మాస్టరుగారూ?" 2004లో నేనును నట్లే యడిగి, యర శాతము తక్కువయని యొక గృహఋణ కంపెనీ నాశ్రయించితిని. పత్రములోని "చరవడ్డీ" యను వైరిసమాసమును జూచి నవ్వుకొంటినేకాని, దాని యర్థ మడుగనైతిని! 2009లో వడ్డీలు దిగెను. క్రొత్తవారికిఁ దగ్గించిరి, నాకుఁ దగ్గింపలేదు. తుది వాయిదాలు పింఛనులోనుండి కట్టితిని.

కావున వడ్డీ యెంత యనుటకంటె, నది దేనింబట్టి మాఱునో ముందడుగుఁడు. 2019 అక్టోబరు 1 నుండి బ్యాంకులు వ్యక్తులకిచ్చు క్రొత్త చరవడ్డీ గృహఋణములను రెపోవంటి బాహ్యప్రమాణమునకు ముడిపెట్టి, మూఁడు నెలలకొకసారియైన సవరింపవలెనని రిజర్వుబ్యాంకు శాసనము. గృహఋణ కంపెనీల కీ నిర్బంధము లేదు. తమ ప్రమాణమును దామే నిర్ణయించుకొనును. రెపో యెక్కిన వడ్డీయు నెక్కును. 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల నది 4 నుండి 6.5 శాతమైనది. ఐనను నెక్కుట, దిగుట రెండును బత్రికలలోఁ గానవచ్చును.

జీతపు పత్రములు లేని చిన్నవర్తకులకు బ్యాంకు లీయనిచోఁ గంపెనీయే గతి, వారిని దప్పుపట్టను. కాని చేరితిమికదా యని వారు నూరకుండ నక్కఱలేదు. వ్యక్తులు నివాసమునకై తీసికొన్న చరవడ్డీ ఋణమును ముందే తీర్చి వేఱొకచోటికి మాఱినను నపరాధరుసుము లేదు. నే నా సంగతి నెఱిఁగినది కడపటి వాయిదా కట్టిన పిదపనే.