డ్రిల్ అందుకునే ముందు

ఈరోజు పట్టా పుచ్చుకుంటున్న యువ దంతవైద్యులందరికీ నా అభినందనలు.

నేను ఒక్క పన్ను గురించే మాట్లాడతాను: పై దవడ కోరపన్ను. పళ్ళన్నిటిలోకీ పొడవైన వేరు దానిదే. దవడ పక్కకు కదిలినప్పుడు బరువు తన మీద వేసుకుని వెనక పళ్ళను అరిగిపోకుండా కాస్తుంది. అది లేకపోతే నవ్వుకీ లోటే, నమలడానికీ లోటే.

రేపు మీ దగ్గరికి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొస్తుంది. "పిల్లకి కోరపన్ను రాలేదు డాక్టరు గారూ, ఇంప్లాంట్ పెట్టెయ్యండి" అంటుంది. ముందు ఎక్స్-రే తీయండి. జ్ఞానదంతాల తర్వాత ఎముకలో ఎక్కువగా ఇరుక్కుపోయేది పై కోరపన్నే. లోపల ఉంటే, క్లిప్పులు వేసి కిందికి దించే వీలుందేమో చూడండి. లేదనుకున్నా, ఎదిగే వయసులో ఇంప్లాంట్ వద్దు. దవడతో పాటు పక్క పళ్ళు దిగుతాయి. టైటానియం స్క్రూ మాత్రం పెట్టినచోటే ఉండిపోతుంది.

పెద్దవాళ్ళకు పెట్టేటప్పుడూ ఎముకను తొందరపెట్టకండి; అది టైటానియంకు అతుక్కునే దాకా ఆగండి. కుందేలు ఎముకకు టైటానియం అతుక్కుపోవడాన్ని స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్ 1950ల్లో గమనించారు. ఆయన మనిషికి తొలిసారి ఇలాంటి ఇంప్లాంట్లు పెట్టింది 1965లో. 1982 టొరంటో సదస్సు తర్వాతే ప్రపంచం ఆ పద్ధతిని విస్తృతంగా ఒప్పుకుంది. డ్రిల్ వేడికి ఎముక 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది. అందుకే సెలైన్ ధార ఆగకూడదు.

అసలు పంటికీ ఎముకకీ మధ్య సన్నని పీచు పొర ఉంటుంది. ఒత్తిడిని పసిగట్టేది అదే. ఇంప్లాంట్‌కు అది లేదు. కాబట్టి క్యాప్ బిగించాక నీలం కాగితం కొరికించి, దవడ పక్కకు జరపమనండి. గుర్తు కొత్త పన్ను ఒక్కదాని మీదే ముదురుగా పడితే, సరిచేసి బరువును మిగతా పళ్ళకూ పంచండి.

షుగర్ ఉందా, చుట్ట బీడీ అలవాటుందా అని అడగడం మరవకండి. ఇంప్లాంట్ బదులు బ్రిడ్జి వేస్తే ఎంతవుతుంది, దానికోసం పక్క పళ్ళు ఎంత అరగదియ్యాలి, ఇంప్లాంట్‌కు ఎన్ని నెలలు పడుతుంది, అన్నీ ఫీజు మాట్లాడకముందే చెప్పండి. ఎంచుకునే హక్కు రోగిది. అది తెలిసిన డాక్టరు దగ్గరికే ఊరంతా వస్తుంది. మీ హస్తవాసి మంచిదన్న పేరు తెచ్చుకోండి. శుభం.