గోడపూతకు చెప్పిన ధర న్యాయమైనదేనా?

వానలు వెనుకబట్టిన తరువాత గృహస్థు ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి చూచుకొనడం మన వాడుక. పడమటి గోడమీద పూత ఉబ్బి ఉంటుంది. సజ్జ క్రింద పెచ్చులు రాలి ఇటుక బయటపడి ఉంటుంది. లోపలి గదిలో, మంచం తలవైపు, తేమ మరక ఏటేటా కొంచెం విస్తరిస్తూ ఉంటుంది. ఇక ఉపేక్షిస్తే లాభం లేదనుకొని మేస్త్రీకి కబురు పంపుతాము. ఆయన వచ్చి, ఇల్లు ఒక ప్రదక్షిణం చేసి, తల పైకెత్తి పిట్టగోడవంక చూచి, రెండు నిమిషాలు ఆలోచించి ఒక మొత్తం చెబుతాడు. అది విని మనకు తోచే మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ ధర న్యాయమైనదేనా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మనకు అలవాటైన మార్గాలు రెండు. ఒకటి బేరమాడడం. రెండవది, ప్రక్కింటివారు ఎంత ఇచ్చారో కనుక్కొనడం. బేరమాడితే తెలిసేది ఆ మనిషి ఎంతవరకు తగ్గగలడన్నది మాత్రమే. పని విలువ ఎంతో తెలియదు. ప్రక్కింటివారి గోడ మన గోడ కాదు. అందువల్ల ఈ రెండు మార్గాలలోనూ మనం చీకటిలోనే ఉండిపోతాము.

ఈ మాట మేము అనుభవం మీద చెబుతున్నాము. కొన్ని సంవత్సరాల క్రిందట మా ఇంటి వెలుపలి గోడలకు తిరిగి పూత వేయించవలసి వచ్చింది. ముగ్గురిని పిలిపించి అడిగాము. ముగ్గురూ కాగితాలు ఇచ్చారు. వాటి అడుగున ఉన్న అంకెలు మాత్రం మేము చూచాము. అన్నిటికంటె పెద్ద అంకె చిన్న అంకెకు దాదాపు రెట్టింపు. పెద్ద అంకె వేసినవాడు అత్యాశాపరుడనీ, చిన్న అంకె వేసినవాడు మంచివాడనీ క్షణంలో తీర్పు చెప్పుకొని, ఆ చిన్న అంకెను కూడా మరికొంత తగ్గించి, గడుసుగా వ్యవహరించామని సంతోషించాము.

రెండవ వానాకాలానికి పడమటి గోడ పూత చాపవలె ఊడి క్రిందపడింది. దాని క్రింద పాత పూత, దానిమీద పాత సున్నం, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అనగా పాతదానిని చెక్కకుండానే దానిమీద కొత్త పూత పూసినారన్నమాట. మేస్త్రీని పిలిచి నిలదీశాము. ఆయన కోపగించుకోలేదు. “అయ్యా, పాత పూత చెక్కాలని మీరు చెప్పలేదు. ఆ డబ్బులో ఆ పని రాదు. ఇంకా తగ్గించమంటే ఎక్కడ తగ్గించమంటారు?” అన్నాడు. కాగితం తీసి చూచాము. ‘వెలుపలి గోడలకు సిమెంటు పూత’ అని ఒక్క వాక్యం, దాని క్రింద ఒక మొత్తం. అంతే. మాకు జవాబు తోచలేదు.

ఇటువంటి బేరాన్ని మనవారు గంపగుత్త అంటారు. గంపలో ఏమున్నదో విప్పి చూడకుండా గంపకు ధర కట్టడం. గంప విప్పనంతవరకు చెప్పిన ధర ఎక్కువో తక్కువో నిర్ణయించడం ఎవరికీ సాధ్యం కాదు. అది ఎట్లా విప్పాలో క్రమంగా చెప్పుకుందాము.

మొట్టమొదట, పని ఎంతవరకు అవసరమో తేల్చుకోవాలి. ఒక చిన్న కొయ్యసుత్తి తీసుకొని గోడమీద మెల్లగా తట్టుతూ పోవాలి. పూత గోడను పట్టుకొని ఉన్నచోట గట్టి శబ్దం వస్తుంది. విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా ఉన్నచోట్ల సుద్దముక్కతో గీత గీసి చూస్తే, గోడ మొత్తం చెడిందో, నాలుగు చోట్ల మాత్రమే చెడిందో కంటికి కనబడుతుంది. దానితోపాటు తేమ ఎక్కడనుండి వస్తున్నదో కూడా చూచుకోవాలి. నీటిగొట్టం కారుతున్నా, పిట్టగోడ తల పగిలినా, సజ్జమీద నీరు నిలుస్తున్నా, ముందు దానిని బాగుచేయించక ఎంత మంచి పూత పూసినా అది వృథా.

రెండవది, కొలత. ఉదాహరణకు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల ఒక అంతస్తు ఇల్లు తీసుకుందాము. చుట్టుకొలత 140 అడుగులు. నేలనుండి కప్పు వరకు గోడ ఎత్తు 11 అడుగులనుకుంటే, 1540 చదరపు అడుగులు. రెండు ద్వారాలు, ఆరు కిటికీలు కలిసి సుమారు 145 తీసివేస్తే, దాదాపు 1400 చదరపు అడుగులు మిగులుతుంది. ఇక 3 అడుగుల పిట్టగోడ ఉన్నదనుకోండి. దానికి లోపలి ముఖం, వెలుపలి ముఖం రెండూ పూయాలి. అవి మరొక 840 చదరపు అడుగులు! ఒక మేస్త్రీ గోడలకు మాత్రమే ధర చెప్పి ఉండవచ్చు. మరొకడు పిట్టగోడను కూడా కలిపి చెప్పి ఉండవచ్చు. రెండు మొత్తాలకూ ఎంతో వ్యత్యాసం ఉంటుంది. అయినా ఇద్దరూ నిజాయతీపరులే.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. ‘చదరపు అడుగుకు ఇంత’ అన్నప్పుడు అది గోడ చదరపు అడుగా, ఇంటి వైశాల్యపు చదరపు అడుగా అని అడగాలి. పై ఉదాహరణలో ఇంటి వైశాల్యం 1200. గోడ వైశాల్యం 1400. ద్వారాలు, కిటికీల కొలత తీసివేస్తారా లేదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. భారతీయ ప్రమాణాల కొలతల నియమావళి అయిన ఐ.ఎస్. 1200 ప్రకారం అర చదరపు మీటరుకు, అనగా సుమారు 5 చదరపు అడుగులకు, మించని ఖాళీలను తీసివేయరు. వాటి అంచులు తిప్పడంలో ఉన్న శ్రమకు అది ప్రతిఫలం. పెద్ద కిటికీల విషయంలో ఇరువురూ ఒక ఒప్పందానికి రావాలి.

మూడవది, సరుకు. గంపలో ముఖ్యమైన భాగం ఇదే. పూత మందమెంత, సిమెంటు ఇసుకల పాలు ఎంత అనే రెండు అంకెలు తెలియనిదే ధరకు అర్థం లేదు. పూత మందం 15 మిల్లీమీటర్లు, పాలు ఒకటికి అయిదు అయినట్లయితే, 1000 చదరపు అడుగులకు సుమారు 10 బస్తాల సిమెంటు, 60 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. దీనిని శ్రోతలు స్వయంగా సరిచూచుకోవచ్చు. 50 కిలోల బస్తాలో సిమెంటు ఇంచుమించు ఒకటింబావు ఘనపుటడుగు. దానికి అయిదు రెట్ల ఇసుక ఆరుంబావు ఘనపుటడుగులు. పది బస్తాలకు అరవై రెండున్నర. లెక్క సరిపోయినది కదా! కనుక మన 1400 చదరపు అడుగుల గోడలకు 14 బస్తాలు. వృథాను కూడా లెక్కవేసుకొంటే 15.

ఇప్పుడు ఈ రెండు అంకెలలో ఏది మారినా ఏమవుతుందో చూడండి. అదే 15 మిల్లీమీటర్ల మందంలో పాలు ఒకటికి ఆరు చేస్తే, 1000 చదరపు అడుగులకు 8 బస్తాలు చాలు. మందం 20 మిల్లీమీటర్లు చేసి, పాలు ఒకటికి నాలుగు చేస్తే 16 బస్తాలు కావాలి. సరిగ్గా రెట్టింపు. రెండింటినీ ‘సిమెంటు పూత’ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు. అట్లాగని సిమెంటు ఎంత ఎక్కువైతే అంత మేలని భావించరాదు. సిమెంటు మితిమీరిన పూత ఆరేటప్పుడు ముడుచుకొని సన్నని బీటలు తీస్తుంది. ఆ బీటలే మరుసటి వానకు నీటిదారులవుతాయి. తగిన పాలు ఏదో నిర్ణయించి వ్రాయించుకొని, ఆ పాలును తట్టలతో గాక, ఒకటింబావు ఘనపుటడుగు పట్టే కొయ్యపెట్టెతో కొలిపించడం శ్రేయస్కరం. తట్ట ఒకసారి నిండుగా, ఒకసారి వెలితిగా ఉంటుంది, పెట్టె అబద్ధమాడదు.

నాలుగవది, శ్రమ. పరంజా కట్టాలి. పాత పూత చెక్కాలి. ఇటుకల మధ్య అతుకులను కనీసం 10 మిల్లీమీటర్ల లోతున గీకాలి. కొత్త పూత గోడను పట్టుకొనేది ఆ గీతలలోనే. గోడను తుడిచి తడపాలి. అప్పుడు పూత. ఒక తాపీమేస్త్రీ, ఇద్దరు కూలీలు కలిసి రోజుకు సుమారు 100 చదరపు అడుగుల పూత పనిచేస్తారనుకొంటే, మన గోడలకు 14 మేస్త్రీ దినాలు, 28 కూలి దినాలు అవుతాయి. చెక్కడానికి, పరంజాకు, రాలిన రద్దు తరలించడానికి వేరుగా లెక్కవేయాలి. పూత తరువాత కనీసం 7 రోజులు తడపాలి. తడిపేది ఎవరు? మేస్త్రీ మనుషులా, ఇంటివారా? ఈ ఒక్క మాట వ్రాసుకోకపోవడంచేత ఎన్నో పూతలు ఎవరూ తడపక ఎండిపోతున్నాయి.

సిమెంటు ధర ఎంత, కూలి ఎంత అన్నది మేము ఇక్కడ చెప్పడం లేదు. అవి ఊరూరికీ, నెలనెలకూ మారుతాయి. కాని 1000 చదరపు అడుగులకు పట్టే బస్తాల సంఖ్య అన్ని ఊళ్ళలోనూ ఒక్కటే. ధర మీ ఊరి అంగడిలో అడిగి తెలుసుకోవచ్చు. పరిమాణం మీ ఇంట కూర్చొని లెక్కకట్టవచ్చు. రెండింటినీ గుణిస్తే పని విలువ తేలుతుంది. సరిచూచుకొనడానికి ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలు ప్రచురించే ప్రామాణిక ధరల పట్టికలు కూడా ఉపకరిస్తాయి.

ఇక అయిదవది, మేస్త్రీ లాభం. దీనిని మనలో పలువురు నేరమన్నట్లు చూస్తారు. పని తెచ్చుకొనడం, మనుషులను సమకూర్చడం, సరుకు నిలవచేయడం, చెడితే బాధ్యత వహించడం, ఇవన్నీ శ్రమలే. కేంద్ర ప్రజాపనుల శాఖవారి ధరల విశ్లేషణలో కూడా కాంట్రాక్టరు లాభానికి, పైఖర్చులకు నూటికి 15 చొప్పున కలుపుతారు. చిన్న పనికి ఇంకొంచెం ఎక్కువైనా అన్యాయం కాదు. ఎందుకంటే పరంజా రెండు గోడలకు కట్టినా, పది గోడలకు కట్టినా బండి కిరాయి ఒక్కటే.

ఈ లెక్క చేతిలో ఉంటే తీర్పు సులభమవుతుంది. చెప్పిన ధర మన లెక్కకు కొంచెం అటూ ఇటూగా ఉంటే అది న్యాయమైన ధర. చాలా ఎక్కువగా ఉంటే కారణం అడగాలి. కారణం ఉండవచ్చు: సందు ఇరుకై సరుకు నెత్తిన మోయవలసి రావచ్చు; మేడ ఎత్తు కావచ్చు. చాలా తక్కువగా ఉంటే మరింత గట్టిగా అడగాలి. ఎందుకంటే సిమెంటు ధరను ఏ మేస్త్రీ కూడా తన ఇష్టప్రకారం తగ్గించలేడు. తగ్గిన ఆ సొమ్ము పూత మందంలోనుండి గాని, పాలులోనుండి గాని, పరంజామీద నిలబడిన కూలివాని జీతంలోనుండి గాని రావాలి. మేము తగ్గించిన సొమ్ము చెక్కని పాత పూతలోనుండి వచ్చింది.

కాగితం విషయం రెండు మాటలు. అందులో కొలత, మందం, పాలు, చెక్కుడు, పరంజా, తడుపు, రద్దు తరలింపు ఒక్కొక్కటి ఒక్కొక్క వరుసలో ఉండాలి. 2017 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్ను ధరలో చేరినదా, వేరా అన్నదీ వ్రాయాలి. సొమ్ము పని నడిచినకొద్దీ ఇవ్వాలి. నూటికి పది వంతులు ఒక వానాకాలం గడిచినదాకా నిలుపుకొనడానికి ముందే ఒప్పించుకోవాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో గృహనిర్మాణం కూడా చేరి ఉన్నది. అయినా ఆ చట్టం ముందు నిలబడడానికి మన చేతిలో ఒక కాగితం ఉండాలి; ఆ కాగితంలో ఒక్క వాక్యం తప్ప ఏమీ లేకపోతే మన మాట నిలవదు.

చివరకు మా గోడ సంగతి. ఊడిపోయిన పూతను చూచిన తరువాత, బల్ల సొరుగులో పడవేసిన పాత కాగితాలు బయటికి తీశాము. పెద్ద అంకె వేసిన మేస్త్రీ కాగితం అప్పుడు మొదటిసారి పైనుండి చదివాము. అర ఠావు కాగితం, సొంత దస్తూరి. పాత పూత చెక్కడం, అతుకులు గీకడం, ఒకటికి అయిదు పాలు, పిట్టగోడ రెండు ముఖాలు, ఏడు రోజులు తడపడం, అన్నీ వరుసగా వ్రాసి ఉన్నాయి. అడుగున ఉన్న అంకె చూచి మేము అత్యాశ అనుకొన్నది ఈ వరుసల మొత్తమే.

ఆయనను వెదకి పిలిపించాము. అప్పటికి సిమెంటు ధర, కూలి కూడా పెరిగి ఉన్నాయి. పైగా ఇప్పుడు చెక్కవలసినది ఒక పూత కాదు, రెండు. ఆయన గోడవంక చూచి, మా ముఖంవంక చూచి, ఏమీ అనలేదు. మేమూ ఈసారి బేరమాడలేదు. కాగితం వరుసవరుసగా చదివి, సంతకం చేశాము. ఆ తరువాత వచ్చిన వానలకు మంచం తలవైపు మరక కనబడలేదు.

ఈ వానాకాలం తరువాత మీ ఇంటికి కూడా మేస్త్రీ రావచ్చు. ఆయన ఇచ్చే కాగితం అడుగునుండి గాక, పైనుండి చదవవలసిందని మనవి.